విహారి ధర్మము

విహారమను మాటకు మన భాషలో రెండు అర్థములున్నవి. వినోదార్థమై తిరుగుట ఒకటి. బౌద్ధ భిక్షువులు నివసించు చోటు రెండవది. తిరుగుటకును, నిలుచుటకును ఒక్కటే మాట వచ్చుట వింతగా తోచును గాని, వెనుకటి చరిత్ర ఎఱిగినవారికి అందులో వింత లేదు. ఏడాదిలో ఎక్కువ భాగము ఊరూర తిరుగు భిక్షువులు వానకాలమున మాత్రము ఒక్కచోట ఆగిపోవలెనని నియమము పుట్టినది. ఆ ఆగిన చోటులే క్రమముగా విహారములైనవి. ఆ నియమమునకు చెప్పబడిన కారణము గమనింపదగినది. వానలలో తిరుగువారి కాళ్ళక్రింద మొలకలు, పచ్చిక, చిన్నచిన్న ప్రాణులు నలిగిపోవుచున్నవని జనులు ఆక్షేపించినారట. ఆ ఆక్షేపణను తథాగతుడు విన్నాడు. మన యతులు ఆషాఢమున మొదలిడి కార్తికమున ముగించు చాతుర్మాస్య వ్రతములోను ఇదే భావము కలదు. నడక మంచిదే, కాని నేల మెత్తగా ఉన్న నాలుగు నెలలు నడవరాదు.

సర్వమును విడిచిన సన్న్యాసికే నడకలో ఇట్టి హద్దు ఏర్పడినప్పుడు, వినోదమునకై బయలుదేరిన గృహస్థునకు హద్దు లేదా? ఉన్నచో దానిని గీయవలసినవారెవరు? ప్రభుత్వమా, పడవ యజమానియా, లేక ఆ గృహస్థుని మనస్సే గీచుకొనవలెనా? వినోదము కేవలము సొంత వ్యవహారమనియు, టిక్కెట్టు కొన్నవాడు ఇతరులకు హాని చేయనంతవరకు అతనికి వేరొక ధర్మము లేదనియు అనువారు విద్యావంతులలోనే ఎక్కువమంది ఉన్నారు. ఆ వాదమును తేలికగా త్రోసివేయరాదు. కాని దానిని గాలిలో నిలిపి తూచుటకంటె ఒక నది ఒడ్డున, ఒక ఋతువులో నిలిపి చూచుట మేలు. యానామువారమైన మాకు ఆ నదిని వెదకికొనుచు దూరము పోవలసిన పనిలేదు. మా ఊరి అంచున గౌతమియై పారుచున్న నీరు, ఇక్కడికి రాకముందు పాపికొండల నడుమ ఒదిగి వచ్చిన నీరే.

రాజమహేంద్రవరము దగ్గర గోదావరిని దాటుటకు 1900 లో మొదలైన పాత రైలువంతెన పొడవు మైలున్నరకు పైబడినది. అంత వెడల్పుగల నది, అక్కడికి కొంత ఎగువను, రెండు కొండవరుసల మధ్య సన్నని పాయగా కుంచించుకొని పోవును. స్త్రీల తలకట్టులోని పాపిడివలె కొండలను రెండుగా చీల్చినందున ఆ కొండలకు పాపిడికొండలని పేరు వచ్చినదనియు, అదే పాపికొండలైనదనియు చెప్పుదురు. పేరులో పాపము వెదకిన వ్యాఖ్యాతలును లేకపోలేదు; నాకు మాత్రము పాపిడియే ఇష్టము. ఈ అడవి 1978 లో అభయారణ్యమైనది. 2008 లో జాతీయవనమైనది. దాని విస్తీర్ణము వేయి చదరపు కిలోమీటర్లకు పైమాట. పులి, చిఱుతపులి, అడవిదున్న ఇందులో నివసించుచున్నవి. అడవిదున్నల పేరిటనే ఆంగ్లేయులు ఈ వరుసలను బైసన్ కొండలనిరి.

ఈ చోటికి శీతకాలమే ఎందుకు ఒప్పును? వానకాలమున ఈ కొండల నడుమ పారునది వేరొక నది. మహారాష్ట్రమున పడిన వాన, ప్రాణహిత తెచ్చిన వాన, ఇంద్రావతి తెచ్చిన వాన, శబరి తెచ్చిన వాన అంతయు ఈ ఒక్క సందులోనుండి దిగువకు పోవలెను. 1986 ఆగస్టులో ధవళేశ్వరము దగ్గర ముప్పదియైదు లక్షల క్యూసెక్కుల ప్రవాహము సాగినది. అది మాఘ ఫాల్గుణములనాటికి వేల లెక్కకు దిగజారు నది యని చెప్పినచో చూడనివారు నమ్మరు. ఆశ్వయుజము గడచునప్పటికి ఎఱ్ఱనీరు తేరుకొనును. కార్తికమున నీటిరంగు ఆకుపచ్చకు తిరుగును. ఆనకట్ట పనులు రాకముందు, మార్గశిరమునకు ఒడ్డుల వెంబడి ఇసుకతిన్నెలు ఒకటొకటిగా తేలుచుండెడివి. కొల్లూరు దగ్గర ఆ తిన్నెలమీద వెదురు గుడిసెలు వేసి యాత్రికులకు రాత్రి బస ఏర్పాటు చేసెడివారు. ప్రొద్దెక్కువఱకు మంచు నీటిని విడువదు. పడవ ముందుభాగమున కూర్చున్నవానికి కొండ కనబడకముందే కొండమీది కోడికూత వినబడును. సూర్యుడు తూర్పు వరుస దాటి వచ్చువఱకు పడమటి ఒడ్డు ఎండలోను, తూర్పు ఒడ్డు నీడలోను ఉండును. ఆ రెండింటి నడుమ లాంచీ పోవునప్పుడు మాటలాడవలెనను కోరిక ఎవరికిని సహజముగా పుట్టదు. పుట్టించుటకు మనవారు మైకులు పెట్టినారు; ఆ సంగతి తరువాత చెప్పెదను.

శీతకాలములో బయటికి పోయి కుడుచుట మన జాతికి కొత్త వినోదము కాదు. కార్తిక వనభోజనములు తెలుగువారు ఎక్కడ స్థిరపడినను వెంట తీసికొనిపోయిన ఆచారము. బెంగుళూరులోను, బరంపురములోను, బొంబాయిలోను తోట దొరికినచోట తోటలో, దొరకనిచోట ఎవరి పెరటిలోనైనను కుండీలో పెట్టిన ఉసిరిమొక్కక్రింద ఈ ఆచారము సాగుచున్నది. దాని నడక చూడుడు. మొదట చెట్టునకు పూజ. పిదప భోజనము. వంట మనము తీసికొనిపోవలెను, లేదా అక్కడ మనమే వండుకొనవలెను. వనము మనకు వడ్డించునని ఎదురుచూచుట లేదు. పెద్ద చిన్న, ఉన్నవాడు లేనివాడు ఒక్క పంక్తిని కూర్చుండవలెను. తిన్న విస్తరి ఆకుది గనుక మట్టిలో కలిసిపోవును. ఈ వినోదమునకు నియమములు ఎవరో పైనుండి విధించినవి కావు. వినోదము చేసినవారే వినోదములో భాగముగా కల్పించుకొన్నవి. చెట్టునకు మ్రొక్కుట మూఢవిశ్వాసమని నవ్వువారు నవ్వవచ్చును. ఆ మ్రొక్కులో ఒక తెలివి ఉన్నది. ఈ చోటు నాది కాదు, దీనికొక యజమాని ఉన్నాడు, అనుమతి అడిగి కూర్చుండుచున్నాను అను తెలివి అది.

విహారిని అతిథిగా భావింపవలెనని నా అభిప్రాయము. కొనుగోలుదారుడు వేరు, అతిథి వేరు. కొనుగోలుదారునకు దుకాణము తెరచియున్నదా లేదా యనునదే ప్రశ్న. అతిథి ఇంటివారి వేళ చూచుకొనును. మన పెద్దలు అతిథి శబ్దమునకు తిథి నియమము లేక వచ్చువాడని అర్థము చెప్పినారు. ఆకలిగొని, దారి తప్పి, ఏ వేళ వచ్చినను ఆదరింపవలెనని గృహస్థునకు చేసిన విధి అది. ఆ విధి ఇంటివానికి చెప్పినది గాని, వచ్చువాడు ఎప్పుడు పడిన అప్పుడు రావచ్చునని హక్కు ఇచ్చినది కాదు. ఆపదలో వచ్చువానికి తిథి లేదు. ముచ్చటకు వచ్చువానికి తిథి ఉన్నది.

తిథి చూడని విహారము ఎంతదూరము పోగలదో 2019 సెప్టెంబరు 15 వ తేదీ ఆదివారమునాడు పాపికొండలలోనే తెలిసినది. ఆ ఉదయము గండిపోచమ్మ గుడి దగ్గరనుండి బయలుదేరిన విహారపు బోటు కచ్చులూరు దగ్గర మునిగినది. అందులో డెబ్బదిమందికి పైగా ఉన్నారు. ఇరువదియాఱుగురు బ్రతికి బయటపడినారు. వారిలో కొందఱను సమీప గూడెములవారు తమ చిన్న పడవలతో వెళ్ళి రక్షించినారు. బోటును నడిపినవారును మృతులలో ఉన్నారు. లోతు ఎక్కువ, ప్రవాహము ఉద్ధృతము అగుటచేత బోటును వెలికి తీయుటకు అక్టోబరు 22 వఱకు పట్టినది. కాకినాడనుండి వచ్చిన ధర్మాడి సత్యము బృందమువారు లంగరులు, త్రాళ్ళు వేసి దానిని ఒడ్డుకు చేర్చినారు.

దోషులెవరను విచారణ న్యాయస్థానములది. నా ప్రశ్న వేరు. ఆనాటి ప్రవాహము ఐదు లక్షల క్యూసెక్కులకు కొంచెము పైన. ధవళేశ్వరము దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగురవేయునది పది లక్షలకు. అనగా లెక్కల ప్రకారము నది హెచ్చరికలో సగమువద్దనే ఉన్నది. ఈ సంఖ్య చూచి తృప్తిపడినవారు ఒక సంగతి మఱచినారు. పది లక్షల హెచ్చరిక గట్టులను, లంకలను, ఊళ్ళను ఉద్దేశించి మైళ్ళ వెడల్పుగల చోట కొలిచినది. అందులో సగము నీరు కొండసందులో ఇరుకునబడి సుడి తిరుగుచున్నప్పుడు పడవలోని మనిషికి ఆ సంఖ్య ఏమియు చెప్పదు. ఊరికి ప్రమాదము లేదనుట విహారికి క్షేమమనుట కాదు. ఈ భేదము సరంగులకు తరతరములుగా తెలుసు. గోదావరిమీద పుట్టి పెరిగిన ఏ వృద్ధుని అడిగినను, ఎఱ్ఱనీరు ఉన్నన్నినాళ్ళు పని ఉన్నవాడే నది దాటవలెనని చెప్పును. ఆ మాటకు కొలబద్ద లేదు, చట్టము లేదు. నీటిరంగే దానికి సాక్ష్యము.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వచ్చును. ఉద్యోగి సెలవు అతని చేతిలో లేదు. కార్తికము వచ్చినప్పుడు పిల్లలకు పరీక్షలు, మార్గశిరములో ఆఫీసు లెక్కలు. ఏదో ఒక ఆదివారము దొరకినది, పది కుటుంబములు కలిసి డబ్బు పోగుచేసికొన్నవి, రైలు టిక్కెట్లు కొన్నవి; అప్పుడు నది రంగు చూచి వెనుదిరిగి పొండని చెప్పుట ధనికుని ధర్మము కాదా? తీరిక ఉన్నవాడే ఋతువుకొఱకు వేచియుండగలడు గదా? ఈ ఆక్షేపణలో నిజమున్నది. నదికి కూడ మన కాలనిర్ణయ పట్టికను తగిలించినది మన కాలపు బ్రతుకు. దానికి విహారిని ఒక్కనినే నిందించుట అన్యాయము. పోయినవారు దురాశాపరులు కారు. మనవంటివారే. పిల్లలకు కొండలు చూపవలెనని వచ్చినవారు.

అయినను ఈ నిజము మొత్తము ప్రశ్నకు సమాధానము కాదు. విహారములో ప్రధానమైన లక్షణము అది మానుకొనదగినదగుట. అన్నము మానరాదు, వైద్యము మానరాదు, పని మానిన ఇల్లు గడవదు. విహారము మానవచ్చును. మానుకొనగలిగిన స్వేచ్ఛ ఉండబట్టియే అది విహారము. డబ్బు కట్టినాము గనుక పోయి తీరవలెను అనుకొన్న క్షణమున మనము విహారులము కాక, మన టిక్కెట్టునకు కూలివారమగుచున్నాము. ఆహారమునకువలెనే విహారమునకును మితము ఉండవలెనని గీతలో చెప్పిన మాటను మనము ఉపన్యాసములలో వాడుకొందుము. ఆ మితము సంఖ్యలో కంటె ఈ మానుకొనగల శక్తిలోనే ఎక్కువగా ఉన్నదని నాకు తోచుచున్నది.

ఈ మాట మఱింత స్పష్టపడుటకు దానికి ఒక్క సంవత్సరము ముందు జరిగిన వేరొక దుర్ఘటనను ప్రక్కన పెట్టి చూడవలెను. 2018 మే 15 వ తేదీ సాయంకాలము, ఇదే నదిమీద, దేవీపట్నము మండలములోని మంటూరు దగ్గర ఒక లాంచీ గాలివానలో మునిగిపోయినది. అందులో ప్రయాణము చేయుచున్నవారు విహారులు కారు. లాంచీ తప్ప సులభమైన దారి లేని గూడెముల మనుష్యులు. వాన జల్లు లోపలికి కొట్టుచున్నదని తలుపులు, కిటికీలు మూసికొన్నందున ఎక్కువమంది బయటికి రాలేకపోయినారు. ఇరువదిమంది వఱకు చనిపోయినారు. నది ఒక్కటే, చావు ఒక్కటే. కాని ఈ రెండు ప్రయాణములు ఒక్కటి కావు. మంటూరు లాంచీలోనివారిని ఆ పూట ఎందుకు బయలుదేరితిరని అడుగుటకు మనకు నోరు రాదు. వారికి ఋతువును ఎంచుకొను స్వేచ్ఛ లేదు. మనకు ఆ స్వేచ్ఛ ఉన్నది. ఉన్నవాడు దానిని వాడకపోవుటయే ఇచ్చట ధర్మప్రశ్నము. మఱొక విశేషము. కచ్చులూరు పేరు దేశమంతట తెలిసినది. మంటూరు పేరు మన జిల్లాలు దాటి ఎంతమందికి తెలియును?

ఆ గూడెములవారే ఈ ఇంటికి యజమానులు. కొండరెడ్లు ఈ లోయలో ముఖ్యమైన జనము. దిగువను, ఎగువను కోయలు కూడ ఉన్నారు. ప్రభుత్వము ప్రత్యేకముగా బలహీనమైన గిరిజన సముదాయములని గుర్తించినవారిలో కొండరెడ్లు ఒకరు. కొండవాలున పోడు కొట్టి జొన్న, సామ, కంది పండించుట, వెదురుతో బుట్టలు, తడికలు అల్లుట వారి జీవనము. వానకాలమున గింజలు నిండుకొన్నప్పుడు మామిడిటెంకల జీడిని ఊరవేసి, చేదు తీసి, జావ కాచుకొని గడుపుదురు. శీతకాలమున జీలుగుచెట్లు కల్లు ఇచ్చును. అది వారికి పండుగ. మనకు శీతకాలము నచ్చినట్లే వారికిని నచ్చును. మనము అక్కడికి కార్తికమున పోవుట వారి సంతోషకాలమున వారి ఇంటికి పోవుట.

వియన్నానుండి వచ్చి హైదరాబాదు సంస్థానములో గిరిజనులను పరిశీలించిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ బైసన్ కొండల రెడ్లనుగూర్చి వ్రాసిన గ్రంథము 1945 లో వెలువడినది. కలప, వెదురు వర్తకులకు అప్పుపడి, ఆ అప్పు తీరకయే అడవిలో కూలి చేయుచున్న కొండరెడ్ల స్థితిని ఆయన అందులో వివరించినాడు. అంతకుముందు 1879 లో రంపసీమలో చెలరేగిన పితూరీకి కల్లుమీద పన్ను, పోడుమీద ఆంక్షలు కారణములలో ముఖ్యమైనవి. 1922 లో అల్లూరి సీతారామరాజు వెంట నడచినవారిలోను ఈ కొండలవారున్నారు. అనగా, బయటినుండి వచ్చినవారు ఈ లోయలో ఎప్పుడును ఏదో ఒకటి తీసికొనిపోవుటకే వచ్చినారు: కలప, వెదురు, పన్ను, వెట్టి. విహారి వచ్చి తీసికొనిపోవునది దృశ్యము మాత్రమే గదా, దానివలన ఎవరికి లోటు అని అడుగవచ్చును. దృశ్యమును తీసికొనిపోవుట నిజముగా ఉచితమైనచో ఈ వ్యాసమే అక్కఱలేదు.

పేరంటాలపల్లిలో లాంచీలు ఆగును. బాలానందస్వామి నెలకొల్పిన ఆశ్రమము, శివాలయము, కొండమీదినుండి వచ్చు సన్నని ఊటనీరు అక్కడ ఉన్నవి. ఒడ్డున కొండరెడ్డి స్త్రీలు వెదురుతో చేసిన పూలు, పడవలు, బుట్టలు పెట్టుకొని కూర్చుందురు. టిక్కెట్టుకు వందలు వెచ్చించిన పెద్దమనిషి ఆ బుట్ట దగ్గర పది రూపాయలకు బేరమాడుట ఒక రకము. మాట పలుకరింపకయే ఆమె ముఖమునకెదురుగా కెమెరా పెట్టుట మఱొక రకము. రెండవదే నాకు ఎక్కువ కష్టముగా తోచును. మన ఇంటి అరుగుమీద మన తల్లి బియ్యము ఏరుకొనుచుండగా బాటసారి వచ్చి ఫొటో తీసికొని మాటాడక పోయినచో మనకెట్లుండును? “ఏమమ్మా, ఎవరూరు, పిల్లలెందఱు” అని నాలుగు మాటలాడినవానికి ఆమెయే నవ్వి ముఖము చూపును. ఇది చట్టము చేయవలసిన విషయము కాదు. చేసినను ప్రయోజనము లేదు.

యాత్రికులవలన నాలుగు డబ్బులు వచ్చుచున్నవను వాదము ఉన్నది, అది నిజమే. 2019 పిదప విహారపు బోట్లు ఆగిపోయి, 2021 నవంబరులో తిరిగి కదలువఱకు ఒడ్డున వంటలు చేయువారు, బుట్టలు అల్లువారు, సరంగులు కష్టపడినారు. కనుక ఎవరును పోవద్దను సన్న్యాసధోరణి నాది కాదు. పొండు. శీతకాలమున పొండు. బుట్టకు అడిగిన ధర ఇండు.

మైకుల సంగతి చెప్పెదనంటిని. చాల లాంచీలలో ఉదయమునుండి సాయంకాలమువఱకు సినిమా పాటలు, నృత్యములు, హాస్యప్రసంగములు ధ్వనివర్ధకములో సాగును. కొండ ఆ ధ్వనిని ఈ ఒడ్డునుండి ఆ ఒడ్డునకు తిప్పి కొట్టుచుండును. వినోదమునకు పాట వద్దనుట మూర్ఖత్వము. గోదావరిమీద పడవపాట లేనిదెన్నడు? కాని పడవవాని పాట తెడ్డు వేగముతో సాగినది, అతని గొంతు చేరినంతమేర మాత్రమే చేరినది. వేసవి దగ్గఱపడుకొలది వాగులు ఎండి మృగములకు నదియే దిక్కగును. చల్లని వేళ నీటికి దిగవలసిన అడవిదున్న ఈ రొదకు వెనుదిరిగినచో అది ఎవరితో చెప్పుకొనగలదు? జాతీయవనమని పేరు పెట్టినది మనము. పేరు పెట్టినవారమే ఆ వనములో అందఱికంటె పెద్దగా అఱచుచున్నాము. ప్లాస్టిక్కు గ్లాసులను, పొట్లములను గూర్చి వేరుగా వ్రాయను. అవి కొట్టుకొని చివరకు వచ్చి చేరునది మా యానాము ఒడ్డునకే గనుక నా మాటలో పక్షపాతము ఉన్నదనుకొనగలరు.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న ఒకటి మిగిలియున్నది. అతిథి ధర్మము చెప్పుచున్నాము గదా. ఇంటివారే ఇల్లు విడిచిపోవుచున్నప్పుడు అతిథి ఏమి చేయవలెను? పాపికొండలకు దిగువను పోలవరము ఆనకట్ట నిర్మాణమగుచున్నది. 2014 లో దానిని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించినారు. 2021 జూనులో నదిని సహజమార్గమునుండి స్పిల్‌వే వైపునకు మళ్ళించినారు. జలాశయపు పూర్తి మట్టము 150 అడుగులు. ముంపు వలన కదలవలసిన కుటుంబములు లక్షకు పైగా ఉన్నవని ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. వారిలో పెద్దభాగము గిరిజనులు. దేవీపట్నము చుట్టుపట్ల ఊళ్ళు ఇప్పటికే పునరావాస కాలనీలకు తరలినవి. ఎగువను, శబరి సీలేరులు కలియు మోటు ప్రాంతములో ముంపునుగూర్చి ఒడిస్సా చాల సంవత్సరములుగా ఆక్షేపించుచున్నది. మల్కనగిరి సీమలోని మన తెలుగువారికి ఈ వివాదము ఇంటి సంగతియే. ఇటీవలి వరదలలో గండిపోచమ్మ గుడియే నీట మునుగుచున్నది. నీరు తీసినదాక అమ్మవారి దర్శనమునకే గడువు వచ్చినది.

ఈ ఆనకట్ట వలదని గాని, కావలెనని గాని ఇచ్చట తీర్పు చెప్పబోను. 1852 లో కాటను దొర ఆనకట్ట పూర్తియైననాటినుండి డెల్టాలో అన్నము తినుచున్న మనము, నది నిలుపుటను తప్పనుట అంత సులభము కాదు. 2022 జూలైలో ఇరువదియైదు లక్షల క్యూసెక్కుల వరద వచ్చి మా యానాము వీధులు మునిగినప్పుడు, ఎగువ ఏదైన అడ్డు ఉండిన బాగుండునని అనుకొననివారు మాలో తక్కువ. ఆ అడ్డు ఏర్పడుటకు కొండరెడ్డి తన వెదురుపొదను, పోడును, తాతల సమాధులను విడిచిపోవలసియున్నది. అతడు విడిచిన చోటికే మనము శీతకాలమున సేదదీరుటకు పోవుచున్నాము. కొండ ఉండును, మంచు ఉండును, లాంచీ ఉండును. ఒడ్డున బుట్టలు పెట్టుకొని కూర్చున్న ఆమె ఉండకపోవచ్చును. అప్పుడు ఆ దృశ్యము మునుపటికంటె శుభ్రముగా, నిశ్శబ్దముగా కనబడవచ్చును గూడ. కొందఱు విహారులు అందులకు సంతోషింతురని నా భయము.

ఖాళీ ఇంట అతిథి ఉండడు. ఆ ఇంటికి పోవువానికి వేరే పేరు వెదకవలెను. అందుచేత నాకు తోచునది చిన్న విషయము. ఈ కొండలకు పోవు కుటుంబము పిల్లలకు కొండల పేర్లతోబాటు మునిగిన ఊళ్ళ పేర్లును చెప్పవలెను. లాంచీలోని మైకునకు పని కావలెనన్నచో ఇది మంచి పని. ఇచ్చట దేవీపట్నముండెడిది, ఈ వాలున ఫలానా గూడెముండెడిది, వారు ఇప్పుడు ఫలానా కాలనీలో ఉన్నారు అని సరంగు చెప్పగలడు. అతనికి ఆ ఊళ్ళు మనకంటె బాగుగా తెలుసు. తిరుగుప్రయాణములో ఆ కాలనీలో ఆగి బుట్ట కొనవచ్చును. వెదురు దొరకుచున్నదా, పిల్లలు బడికి పోవుచున్నారా, పరిహారము చేతికి అందినదా అని అడుగవచ్చును. దీనివలన జలాశయపు మట్టము ఒక్క అంగుళము తగ్గదు. విహారము మాత్రము కొంత ఆలస్యమగును.

జలాశయము నిండిన పిదప ఆ కొండల నడుమ నీరు ఏడాది పొడుగున నిలిచియుండును. పన్నెండు మాసములు బోట్లు నడపవచ్చునని ఇప్పటినుండియే ఉత్సాహపడువారున్నారు. ఎఱ్ఱనీటికిని పచ్చనీటికిని మునుపున్నంత భేదము కనబడదు. తిన్నె తేలిన పిదప పడవ విప్పుదమన్నను తిన్నె తేలదు. కార్తికము వచ్చినదో లేదో అప్పుడు పంచాంగము తెరచి చూచుకొనవలసియుండును.